పాపకి ఐరన్ ఆపేస్తే పురుగులు పస్తుంటాయా?

ఈసారి ఉత్తరం కోనసీమ నుంచి. పేరు, ఊరు రాయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, అసలు విషయం మాత్రం చెప్తాను.

ఆవిడకి ముప్పై ఆరేళ్ళు. భర్త రొయ్యల చెరువులు లీజుకి చేస్తున్నారు. ఇంట్లో అత్తగారు, మరిది, తోడికోడలు, వాళ్ళ మూడేళ్ళ బాబు అందరూ కలిసే ఉంటారు. ఆవిడ కూతురికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. జూన్‌లో పాప బాగా నీరసపడిపోతుంటే రక్తపరీక్ష చేయించారు, హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. నెల వాడేలోపు పాపకి రెండుసార్లు జ్వరం తగిలింది. అప్పుడు మరిది అడ్డుపడ్డాడు. ఎమ్మెస్సీ చదివి ఆక్వా ల్యాబ్‌లో చేసే మనిషి, ఇంట్లో ఆయన మాటే మాట. "క్రిమి అయినా కడుపులో పురుగైనా ఇనుము లేనిదే బతకదు వదినా, మీరు మాత్రలేసి వాటిని మేపుతున్నారు, ఆపండి, అవే మాడి చస్తాయి, ఆఫ్రికాలో ఐరన్ ఇచ్చిన పిల్లలు చచ్చిపోయారు తెలుసా" అన్నాడట. మాత్రలు ఆగాయి. తోటకూర, గోంగూర, మేక కార్జం కూడా ఆగాయి. మూడు నెలలు గడిచాక మళ్ళీ పరీక్ష చేయిస్తే 7.9. పాప ఇప్పుడు బడికి వెళ్ళేటప్పుడు కాలువ వంతెన మీదికి సైకిలు తొక్కలేక దిగి నడిపించుకుంటోంది. భయపడి ఈవిడ మాత్రలు బియ్యం డబ్బాలో దాచి, నూరి పప్పులో కలిపి పెడుతున్నారు. ఇప్పుడు మరిది ఇంకో మెట్టెక్కాడు. తలసీమియా అని పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లలకి వాడే, ఒంట్లో ఇనుము లాగేసే మందు తెప్పిస్తానంటున్నాడు, పాపకీ, బోదకాలు ఉన్న అత్తగారికీ. చెరువుకి ఆరు లక్షలు తమ్ముడే సర్దాడు కాబట్టి భర్త నోరెత్తడు. ఉత్తరం చివర ఆవిడ ఇలా రాశారు: "మా మరిది చెప్పేది అబద్ధమని తెలిస్తే ధైర్యంగా ఉండేదాన్ని. నిజమేమోనని భయంగా ఉంది. నేను నా బిడ్డకి దొంగతనంగా విషం పెడుతున్నానా?"

అమ్మా, ముందు ఆ బియ్యం డబ్బా సంగతి చూడండి. మిగతాదంతా తర్వాత చదవచ్చు. ఇంట్లో మూడేళ్ళ బాబు ఉన్నాడు, మాత్రలు వాడి చేతికందే చోట ఉన్నాయి, రంగుతో, తియ్యటి పూతతో ఉంటాయి కదా, బిళ్ళలనుకుని గుప్పెడు నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చిన్నపిల్లలకి ఐరన్ మాత్రల మోతాదు మించితే అది నిజంగా విషమే, అతిశయోక్తి కాదు. ఇప్పుడే తీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. మీరు అడిగిన విషం ప్రశ్నకి నాకు కనిపించిన విషం ఇదొక్కటే.

నేను డాక్టర్ని కాను. ఈ జిల్లాల్లోనే ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఫైలేరియా, అంటే బోదకాలు సర్వేకి రాత్రి తొమ్మిది దాటాక ఇళ్ళ తలుపులు కొట్టి, నిద్రపోతున్నవాళ్ళని లేపి వేలికి సూది గుచ్చినవాణ్ణి (పగలు ఆ పురుగు పిల్లలు రక్తంలో పెద్దగా కనపడవు, అందుకే ఆ అర్ధరాత్రి తిట్లు తినడం). కాబట్టి నేను చెప్పేది మీరు డాక్టరుని ఏమడగాలో తెలియడానికి, డాక్టరుకి బదులుగా కాదు.

మీ మరిది చెప్పేది అబద్ధం కాదు. సగం నిజం. అందుకే మీకు అంత కష్టంగా ఉంది, పూర్తి అబద్ధాన్ని ఎవరైనా తోసిపుచ్చగలరు. క్రిములకి ఇనుము కావాలన్నది చాలా పాత సంగతి. 1944లో ఇద్దరు పరిశోధకులు పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలో బంక విరేచనాల క్రిమి పెరగడం లేదని, అందులో ఇనుము కలపగానే పెరగడం మొదలుపెట్టిందని చూశారు. తెల్లసొనలో ఉండే ఒక ప్రోటీన్ ఇనుముని పట్టుకుని వదలదు, అదీ కిటుకు. మన రక్తంలోనూ, తల్లిపాలలోనూ అలాంటివే ఉన్నాయి. ఒంట్లో ఇనుము మరీ పేరుకుపోయినవాళ్ళకి, లివరు చెడినవాళ్ళకి ఉప్పునీటిలో ఉండే విబ్రియో అనే ఒక రకం క్రిమి ప్రాణాంతకమవుతుందన్నది కూడా నిజమే, రొయ్యల ల్యాబ్‌లో రోజూ విబ్రియో చూసే మీ మరిదికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

అయితే ఆయన వదిలేసిన సగం ఒకటుంది. క్రిమికి ఇనుము దక్కకుండా చేసే పని శరీరం తనంతట తానే చేస్తుంది. జ్వరం రాగానే లివరు హెప్సిడిన్ అనే హార్మోను వదులుతుంది. 2000 ప్రాంతంలో కనిపెట్టారు దీన్ని. రబీ కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు చూడండి, అచ్చం అలా. హెప్సిడిన్ వచ్చి ఇనుము బయటికొచ్చే తూములన్నీ మూసేస్తుంది. పేగులో తిండి నుంచి వచ్చే తూము మూతపడుతుంది, నిల్వలోంచి వచ్చేదీ మూతపడుతుంది. రక్తంలో ఇనుము గంటల్లోనే పడిపోతుంది. జ్వరం తగ్గాక మళ్ళీ తూములు తెరుచుకుంటాయి.

ఇక లెక్క చూడండి, ల్యాబ్ మనిషిని కదా, లెక్క లేకపోతే నాకు తోచదు. తిండి మొత్తంలోంచి పేగు రోజుకి పీల్చుకునే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళ ఒంట్లో ముసలి ఎర్రకణాలు చితికిపోయి వాటిలోంచి తిరిగి వాడకంలోకి వచ్చే ఇనుము రోజుకి ఇరవై మిల్లీగ్రాముల పైమాటే. అంటే రక్తంలో తిరిగే ఇనుములో చాలా భాగం ఒంట్లో నుంచే వస్తోంది, గోంగూర నుంచి కాదు. మీరు గోంగూర ఆపితే ఆగేది ఆ ఒకటి రెండే, అదీ మెల్లగా నెలల తరబడి. క్రిమికి రేపు పొద్దున్నకి ఏమీ తెలియదు. పాపకి మాత్రం మూడు నెలల్లో వంతెన ఎత్తైపోయింది.

మీ మామగారి కాలం నుంచీ వరి చేసిన ఇల్లు కాబట్టి ఇది మీ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. సుడిదోమ పడితే మడిలో నీళ్ళు తీసేసి ఆరగడతారు. నీళ్ళుంటే దోమ పెరుగుతుందన్నది నిజమే. అలాగని చేను చిరుపొట్ట దశలో ఉండగా నెలల తరబడి నీళ్ళాపేసి, దోమ చస్తోందని ఎవరైనా సంబరపడతారా? మీ పాప ఉన్నది ఆ దశలోనే, ఎదిగే ఒళ్ళు, పైగా నెలనెలా రక్తం పోయే వయసు.

కడుపులో పురుగుల సంగతికొస్తే మీ మరిది మాట పూర్తిగా తిరగబడుతుంది. మన నేలల్లో కొబ్బరితోటల్లో, గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగితే అరికాలి నుంచి లోపలికి దూరేది హుక్‌వర్మ్, మన పుస్తకాల్లో కొంకిపురుగు అంటారు. అది పేగు గోడ కరిచి పట్టుకుని రక్తమే తాగుతుంది. దాంట్లో చిన్న రకానికి ఒక్కో పురుగుకి రోజుకి సుమారు 0.03 మిల్లీలీటర్లు. వంద పురుగులుంటే మూడు మిల్లీలీటర్లు. మిల్లీలీటరు మంచి రక్తంలో అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది, అంటే రోజుకి మిల్లీగ్రామున్నర దాకా పోతుంది. పేగు పీల్చుకునేది ఒకటి రెండే అని పైన చెప్పాను, కలిపి చూసుకోండి. ఆ పురుగు పాప తినే పళ్ళెం కోసం కూచోలేదు, కుళాయికే నోరు పెట్టి కూచుంది. పళ్ళెం తీసేస్తే పస్తుండేది పాప, అది కాదు. దానికి మందు చౌకైన ఒక్క ఆల్బెండజోల్ మాత్ర, 400 మిల్లీగ్రాములు, నమిలి మింగేది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో నులిపురుగుల మాత్ర అని వేసేది ఇదే. పాప అప్పుడు బడికెళ్ళిందా, మాత్ర వేసుకుందా, నోట్లో పెట్టుకుని బయట ఉమ్మేసిందా అని అడగండి. చాలామంది ఉమ్మేస్తారు, నేను చూశాను.

ఆఫ్రికా సంగతి. మీ మరిది విన్నది బహుశా టాంజానియాలో పెంబా అనే దీవిలో జరిగిన పరిశోధన గురించి, 2006లో అచ్చయింది. అక్కడ మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలకి, ఎవరికి లోపం ఉందో ఎవరికి లేదో చూడకుండా రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఇచ్చిన గుంపులో ఆస్పత్రి పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఎక్కువయ్యారు. నిజమే, చాలా బాధాకరమైన నిజం. ఆ పరిశోధనలోనే ఇంకో భాగం ఉంది, ఇది వీడియోలు చేసేవాళ్ళు చెప్పరు. పరీక్ష చేసి చూసిన కొంతమంది పిల్లల్లో, ఇనుము లోపంతో రక్తం తగ్గి ఉన్నవాళ్ళకి ఐరన్ వల్ల మేలే జరిగింది, వాళ్ళకి మలేరియా పరీక్ష, మందు వెంటనే అందాయి కూడా. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా ఉన్న చోట ఐరన్ ఆపమనలేదు, మలేరియా నివారణ, చికిత్స పక్కన పెట్టుకుని ఇవ్వమంది. ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఏంటంటే, పాపకి రెండుసార్లు వచ్చిన జ్వరం ఏ జ్వరమో ఎవరూ చూసినట్టు మీరు రాయలేదు. ఏజెన్సీ వైపు పెళ్ళికో జాతరకో వెళ్ళొచ్చారా? చలితో వణికిందా? మళ్ళీ జ్వరం వస్తే ఆ రోజే మలేరియాకి రక్తం చూపించండి.

ఇనుము లాగేసే మందు దగ్గర మాత్రం నేను ఇదో దారి, అదో దారి అని చెప్పను. ఇంట్లోకి రానివ్వకండి. ఆ ఆలోచన కూడా మీ మరిది పుట్టించింది కాదు, పెద్ద పెద్దవాళ్ళే ప్రయత్నించారు. 1992లో జాంబియాలో మెదడుకెక్కిన మలేరియాతో స్పృహ లేని పిల్లలకి మామూలు మందుతో పాటు ఇనుము లాగేసే డెఫెరాక్సమిన్ ఇస్తే త్వరగా తెలివొచ్చింది, అందరూ ఆశపడ్డారు. తర్వాత ఇంకా ఎక్కువమంది పిల్లలతో చేస్తే చావులేమీ తగ్గలేదు. ఇంకా ఘోరం, 2021లో కరోనా తర్వాత మనల్ని వణికించిన బ్లాక్ ఫంగస్ గుర్తుందా, ఆ బూజు జాతి ఈ డెఫెరాక్సమిన్ పట్టుకున్న ఇనుముని తీరిగ్గా లాక్కుని తింటుంది. డయాలిసిస్ రోగుల్లో ఈ సంగతి ఎప్పుడో బయటపడింది. పోనీ బూజుకి లొంగని ఇంకో మందు అని డెఫెరాసిరాక్స్‌ని అదే జబ్బులో ఇరవై మంది మీద చూస్తే, మందు తీసుకున్నవాళ్ళే ఎక్కువమంది చనిపోయారు. ఇది 2012 నాటి మాట. ఒంట్లో ఇనుము పేరుకుపోయిన తలసీమియా పిల్లలకి అవి ప్రాణదాతలు. ఇనుమే లేని పిల్లకి ఇస్తే కిడ్నీ, లివరు మీద పడతాయి. ఇప్పుడు శాస్త్రం కూడా రోగిని మాడ్చడం మానేసి క్రిమిని మోసం చేయడం వైపు వెళ్తోంది. సెఫిడెరొకాల్ అని ఒక యాంటీబయాటిక్, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది ఇనుముని పట్టుకుని ఉంటుంది, క్రిమి ఇనుము కోసం తలుపు తీస్తే మందు లోపలికి పోతుంది. ఎరకి గాలం గుచ్చినట్టు. మీ మరిదికి ఈ సంగతి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది, మాట్లాడటానికి ఒక దారి దొరుకుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఏమున్నాయో చూద్దాం.

మరిది మాట విని మాత్రలు పూర్తిగా ఆపేసి ఉండిపోవచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఈ వయసు పిల్లలకి 12 ఉండాల్సింది, 8కి తక్కువైతే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క, మీరు ఆ గీత దాటేశారు. ఇంకా జారితే రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ఇప్పుడు చేస్తున్నట్టు దొంగచాటుగా పెట్టొచ్చు. నేను మిమ్మల్ని తప్పు పట్టను, తల్లి అలాగే చేస్తుంది. కానీ ఐరన్ తింటే విరేచనం నల్లగా అవుతుంది, ఎప్పుడో పాపే "అమ్మా ఇలా అవుతోంది" అని నానమ్మతో అంటుంది, గుట్టు రట్టవుతుంది. పప్పులో కలిపితే ఎంత ఒంటికి పట్టిందో లెక్కుండదు, పక్కన టీ తాగితే అదీ పోతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, పాప రక్తం ఎందుకు పడిపోతోందో ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది. పురుగులా? నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? తలసీమియా లక్షణం (జబ్బు కాదు, తల్లిదండ్రుల నుంచి వచ్చి ఒంట్లో మోసే గుణం) ఉందేమో, ఉంటే ఐరన్ ఎంత మింగినా అంకె ఆశించినంత కదలదు.

మూడోది, నాకు ఎక్కువ నచ్చేది, కొంచెం కష్టమైనది. ఈ వారంలోనే పాపని ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళడం, మీవారిని వెంట రమ్మనడం. వాదన వద్దు. "తమ్ముడు ఇనుము ఎక్కువైతే ప్రమాదం అంటున్నాడు కదా, అసలు ఒంట్లో ఇనుము ఎంతుందో కొలిపించేద్దాం" అనండి. దానికి ఎవరూ కాదనలేరు, మరిది కూడా. రక్తకణాల పరీక్ష మొత్తం, విరేచనం పరీక్ష, ఫెర్రిటిన్, సి.ఆర్.పి. చేయిస్తారా అని డాక్టరుని అడగండి. ఫెర్రిటిన్ అంటే నిల్వ, కానీ జ్వరంలో అది ఊరికే పెరిగి కనపడుతుంది, అందుకే ఒంట్లో జ్వరం, వాపు ఉన్నాయో లేదో చూపించే సి.ఆర్.పి. పక్కనుంటే మంచిది. మూడు నెలలు ఐరన్ ఆపిన సంగతీ, పప్పులో కలిపిన సంగతీ రెండూ దాచకుండా చెప్పండి, తిడితే తిట్టించుకోండి. మాత్ర పడక కడుపులో తిప్పుతుంటే రోజు విడిచి రోజు వేయొచ్చా అని అడగండి. ఒక మాత్ర వేసుకున్నాక ఒక రోజంతా హెప్సిడిన్ పెరిగి ఉంటుందని, రోజు విడిచి రోజు వేస్తే వేసిన మాత్రలో ఎక్కువ భాగం ఒంటికి పడుతుందని ఆడవాళ్ళలో చేసిన పరిశోధనలు చెప్తున్నాయి, పాప విషయంలో ఎలాగన్నది డాక్టరు చూసుకుంటారు. గట్టి జ్వరం ఉన్న నాలుగు రోజులు మాత్ర ఆపాలా అని కూడా అడగండి. కొంతమంది డాక్టర్లు ఆపమంటారు. అలా అంటే మీ మరిది మాటకి ఆమేరకు గౌరవం దక్కినట్టే, ఆయన ముఖం చెల్లుతుంది. ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

మీవారు ఆరు లక్షల గురించి ఆలోచిస్తున్నారు. ఆలోచించనివ్వండి, పంట అమ్మితే తీరుతుంది. కానీ ఆ అప్పులోకి పాప మాత్రని తేవద్దని మాత్రం, తమ్ముడు లేనప్పుడు, ఒక్కసారి గట్టిగా చెప్పండి. ఆయన ఆస్పత్రికి రానంటే మీరూ పాపా బస్సెక్కండి. గొడవవుతుంది, అవుతుంది మరి, కానీ 7.9 మీద ఇంటి రాజీ కోసం ఎదురుచూడటానికి టైము లేదు. కూర్చున్నా ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా వారం కాదు, ఆ పూటే.

పాప సంగతి. మీరు రెండో పేజీలో ఒక్క వాక్యం రాసి దాటేశారు, నేను అక్కడే ఆగిపోయాను. బాబాయి మాటలు విని పాప "నేను తింటే లోపల పురుగులు తింటాయి కదమ్మా" అని అన్నం తగ్గించేసిందని. పద్నాలుగేళ్ళ పిల్లకి తన ఒంటి మీద తనకే అసహ్యం పుట్టింది. ఇది మాత్ర ఎగ్గొట్టిన దానికంటే ఎక్కువ రోజులు ఉండిపోతుంది. పప్పులో కలపడం ఆపేసి తనకి నేరుగా చెప్పండి. నీ ఒళ్ళు తనని తాను కాపాడుకోవడం తెలిసిన ఒళ్ళు, జ్వరమొస్తే తూములు అదే మూసుకుంటుంది, నువ్వు తిండి మానక్కర్లేదు అని. సైన్సు చదివే పిల్ల, హెప్సిడిన్ పేరు చెప్పినా అర్థం చేసుకుంటుంది. గోంగూర, చిన్న చేపలు, కార్జం మళ్ళీ పళ్ళెంలోకి రావాలి. నిమ్మకాయ పిండుకోమనండి, టీ ఏమైనా గంట తర్వాతే.

అత్తగారి బోదకాలికి ఐరన్ మానడం వల్ల ఒరిగేదేమీ లేదు. కాలు అంత వాచేనాటికి చాలామందిలో పురుగు చచ్చిపోయే ఉంటుంది, మిగిలేది అది చెడగొట్టిన నాళాలు. నిజానికి ఆ పురుగు తనకి కావలసిన హీమ్, అదే ఇనుము నడుమ ఉండే పదార్థం, సొంతంగా తయారు చేసుకోలేదు. చేసే సరంజామా దాని ఒంట్లో కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా దగ్గరుంది. డాక్సీసైక్లిన్ కొన్ని వారాలిచ్చి ఆ కాపురాన్ని చెడగొడితే పురుగు దెబ్బతింటుంది. మీ మరిది ఇటువైపు చదివుంటే బాగుండేది. అత్తగారికి కావలసింది రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం. పాపని ఆ పని చేయమనకండి, మీ మరిదిని చేయమనండి.

రిపోర్టులు వచ్చాక రాయండి. ఫెర్రిటిన్ ఒక్కటే రాసి పంపకండి, పక్కన సి.ఆర్.పి. కూడా రాయండి, పరీక్ష రోజు పాపకి జ్వరం ఉందో లేదో కూడా.